వేన్నీళ్ల పొయ్యి కూడా ఒక అమానతే

మానవునికి అల్లాహ్ ప్రసాదించిన గొప్ప అనుగ్రహాలలో నిప్పు ఒకటి. దివ్య ఖుర్ఆన్‌లోని ‘వాఖిఅహ్’ సూరాలో అల్లాహ్ మనం రగిలించే నిప్పు వైపు మన దృష్టిని మళ్లించి, దానిని మనకొక జ్ఞాపికగానూ, బాటసారులకు ఉపయోగకరమైనదిగానూ చేసినట్లు తెలియజేశాడు. ఆ వాక్యాలను బోధించేటప్పుడు మా ఉస్తాదులు, నిప్పును చూసిన ప్రతిసారీ పరలోకపు అగ్ని గుర్తుకు రావాలని చెప్పేవారు. ఆ హెచ్చరికతోపాటు మరొక సంగతి కూడా మనం గుర్తుంచుకోవాలి. అనుగ్రహం దేనినైనా దాని హద్దులలో వాడుకున్నంతవరకే అది అనుగ్రహం. హద్దు దాటితే అదే మనకు పరీక్ష అవుతుంది.

భూపాలపల్లి జిల్లాలోని మా రేగొండలో డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది. పరకాల నుంచి భూపాలపల్లికి పోయే దారికి ఇరుపక్కలా పొలాల మీద మంచు విడవక ముందే ఫజర్ అజాన్ వినిపిస్తుంది. ఆ అజాన్‌కు ముందే చాలా ఇళ్ల పెరళ్లలో పొగ లేస్తుంది. అది వంట పొగ కాదు, నీళ్లు కాచే పొయ్యి పొగ. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకమూ, 2016లో కేంద్రప్రభుత్వ ఉజ్వల పథకమూ వచ్చిన తరువాత పేద ఇళ్ల వంటగదులలోకి కూడా గ్యాస్ పొయ్యి చేరింది. కాని ఎనిమిది మందో పది మందో ఉన్న ఇంట్లో స్నానాలకూ, వుజూకూ కావలసిన నీళ్లన్నీ సిలిండర్ మీద కాచుకునే స్థోమత ఎందరికి ఉంటుంది? పత్తి ఏరిన తరువాత చేనులో మిగిలే పత్తికట్టె, గట్ల మీది తుమ్మ కొమ్మలు, మక్క బెండ్లు పైసా ఖర్చు లేకుండా దొరికే ఊళ్లో వేన్నీళ్లకు నేటికీ కట్టెపొయ్యే ఆధారం.

పూర్వం మూడు రాళ్ల మీద ఇత్తడి కాగు పెట్టి నీళ్లు కాచేవారు. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ స్థానంలో బాయిలర్ నిలబడింది. మన ఇళ్లలో కొందరు పెద్దలు దీనిని హమామ్ అంటారు. అరబీలో ‘హమీమ్’ అంటే కాగిన నీరు. హమ్మామ్ అన్న మాట కూడా ఆ ధాతువు నుంచి పుట్టినదే. రాగితోనో, ఇనుప రేకుతోనో, స్టీలుతోనో చేసిన నిలువు డ్రమ్ము అది. దాని నడుమ కింది నుంచి పైవరకు ఒక గొట్టం ఉంటుంది. ఆ గొట్టం అడుగున జాలీ మీద కట్టెలు మండుతాయి, చుట్టూ నీళ్లు కాగుతాయి. ఒక పక్కనున్న గరాటులో చన్నీళ్లు పోస్తే అవి అడుగుకు దిగి, పైకి తేలిన వేడి నీళ్లను మరో పక్కనున్న ముక్కు ద్వారా బయటకు నెడతాయి. ఎన్ని నీళ్లు పోస్తే అన్ని నీళ్లే వస్తాయి గనుక డ్రమ్ము ఎప్పుడూ నిండుగానే ఉంటుంది.

ఇటువంటి ఇంటి సామాను గురించి ధార్మిక పత్రికలో రాయడమేమిటని పాఠకులు అనుకోవచ్చు. మన షరీఅత్ కాపాడదలచిన అయిదు ప్రధాన విషయాలలో ప్రాణం ఒకటని మదరసాలో మొదటి తరగతులలోనే నేర్పుతాము. వుజూ కోసం, గుసుల్ కోసం వెలిగించిన నిప్పే ఆ ప్రాణానికి ముప్పు తెస్తుంటే, దానిని గురించి చెప్పడం కూడా ధర్మబోధలో భాగమేనని నా అభిప్రాయం. ఈ అభిప్రాయానికి నన్ను తీసుకువచ్చిన ఒక సంఘటన ఉన్నది.

తావీజు కోసం వచ్చిన పెద్దమనిషి

కొన్నేళ్ల క్రితం జనవరి నెలలో ఒకనాడు మగ్‌రిబ్ నమాజు తరువాత పొరుగూరి నుంచి ఒక పెద్దమనిషి నా వద్దకు వచ్చారు. “మౌలానా సాబ్! మా చిన్న కోడలి మీద ఏదో ఆసేబ్ ఉన్నట్లున్నది. నెల రోజులలో మూడుసార్లు గుసుల్‌ఖానాలో పడిపోయింది. మీరు దమ్ చేసి, ఒక తావీజు రాసివ్వండి” అన్నారు. ఆయన మనసు బాగా కలతపడి ఉంది. అటువంటి చోట్ల చెడు శక్తులు తిరుగుతాయని, అక్కడికి ప్రవేశించే ముందు దుఆ చదవాలని మనకు నేర్పబడింది గనుక ఆయన భయం నిరాధారమని నేను కొట్టిపారేయలేదు. నీళ్ల మీద ఖుర్ఆన్ వాక్యాలు చదివి ఇచ్చాను. ఆ తరువాత కొన్ని ప్రశ్నలు అడిగాను.

పడిపోయే ముందు ఆ అమ్మాయికి ఏమవుతుందని అడిగితే, తల పగిలినంత నొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్లు ఉండడం అని చెప్పారు. వాకిట్లో పడుకోబెడితే కొంతసేపటికి తేరుకుంటుందట. ఇంకెవరికైనా ఇలా అయిందా అంటే, నాలుగేళ్ల మనవడు కూడా స్నానం చేసి వచ్చాక మత్తుగా పడుకుంటున్నాడన్నారు. ఎండాకాలంలోనో, వానాకాలంలోనో ఎప్పుడైనా జరిగిందా అంటే లేదన్నారు. చివరికి, నీళ్లు ఎక్కడ కాస్తారని అడిగాను.

“లోపలే, సాబ్. ఈ ఏడే బాయిలర్ కొన్నాం. ఆడవాళ్లు చీకట్లో పెరట్లోకి పోవడం బాగుండదని గుసుల్‌ఖానాలోనే పెట్టించాం. పొగ రాకుండా కట్టెబొగ్గులే వేస్తాం. కిటికీలోంచి చలిగాలి కొడుతుందని అట్టముక్క అడ్డం పెట్టాం” అన్నారు.

అప్పుడు నాకు విషయం అర్థమయింది. ఆ రాత్రే బాయిలర్‌ను బయటకు తీయించమని, తెల్లవారగానే అమ్మాయినీ పిల్లవాణ్ణీ వైద్యుని వద్దకు తీసుకుపోయి, మూసిన గదిలో బొగ్గులు మండుతున్న సంగతి మొదటి మాటగా చెప్పమని కోరాను. వైద్యుడు కూడా అది బొగ్గుల విషవాయువు పనేనని చెప్పారట. బాయిలర్ బయటకు వెళ్లిన తరువాత ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ పడిపోలేదు. అల్‌హమ్‌దులిల్లాహ్!

సోదర సోదరీమణులారా! ఆ వాయువు పేరు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. కట్టె గాని బొగ్గు గాని చాలినంత గాలి లేకుండా మండినప్పుడు అది పుడుతుంది. మన రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థానికి ఇది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. మనిషి ఊపిరి పీలుస్తూనే ఉంటాడు, కాని ఆ ఊపిరి శరీరానికి అందదు. మొదట తలనొప్పి, తరువాత తల తిరగడం, వాంతి, అయోమయం, చివరికి స్పృహ తప్పడం. తలుపు తీయాలన్న తెలివి వచ్చేసరికే తలుపు తీసే శక్తి కాళ్లలో ఉండదు. పొగ కనిపించే కట్టె కన్నా పొగ కనిపించని బొగ్గు ఎక్కువ మోసం చేస్తుంది. పొగ లేదు గదా అని మనం నిశ్చింతగా తలుపు మూసుకుంటాము. ఉత్తర భారతంలో చలికాలంలో మూసిన గదిలో అంగీఠీ పెట్టుకొని నిద్రించిన కుటుంబాలు నిద్రలోనే కన్నుమూసిన వార్తలు మనం పత్రికలలో చదువుతూనే ఉన్నాము. ఇంత హఠాత్తుగా కాకపోయినా, ఇళ్లలో కట్టె, పిడక, బొగ్గు, కిరోసిన్ పొగ మూలంగా 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది మరణించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

కనుక, స్నానాల గదిలో ఎవరైనా స్పృహ తప్పితే మొదట తలుపులు, కిటికీలు బార్లా తెరవండి. మనిషిని వెంటనే బయటి గాలిలోకి తీసుకురండి. 108కు ఫోన్ చేయండి. తేరుకున్నట్లు కనిపించినా వైద్యునికి చూపించండి. దుఆ చేయండి, తప్పకుండా చేయండి. అయితే ఆ దుఆ ఆస్పత్రికి పోయే దారిలో కూడా చేయవచ్చు.

పర్దా కూడా నిలవాలి, గాలి కూడా ఆడాలి

ఆ పెద్దమనిషి చెప్పిన కారణాన్ని మనం తేలికగా తీసుకోరాదు. మన ఇళ్లలో బాయిలర్ లోపలికి రావడానికి సోమరితనం కారణం కాదు, పర్దాయే కారణం. తహజ్జుద్ వేళ ఆడపిల్ల ఒంటరిగా పెరట్లో పొయ్యి ముందు కూర్చోవడం ఏ తల్లిదండ్రులకు ఇష్టముంటుంది? ఆ సిగ్గు, ఆ లజ్జ ఈమాన్‌లో భాగమే. అయితే పర్దాను నిలబెట్టడానికి ప్రాణాన్ని పణం పెట్టవలసిన అవసరం లేదు. ఈ రెండింటినీ కాపాడే ఏర్పాటు మన పూర్వులకు తెలుసు.

ముస్లిం ప్రపంచంలోని పాత హమ్మామ్‌ల నిర్మాణం చూడండి. కొలిమి స్నానం చేసే గదిలో ఉండదు. గోడకు అవతల వేరే అరలో ఉంటుంది. అక్కడ కట్టెలు వేసేవాడు లోపలివారిని చూడలేడు, లోపలివారికి పొగ సోకదు. గొట్టాల ద్వారా నీరు మాత్రమే లోపలికి వస్తుంది. హైదరాబాదులోని కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలో కూడా ఒక హమామ్ ఉన్నది. రాజవంశంవారి జనాజాలకు అక్కడ గుసుల్ ఇచ్చేవారు. చన్నీళ్లకూ వేన్నీళ్లకూ అందులో గొట్టాల ఏర్పాటు ఉన్నది. విద్యార్థులతో అక్కడికి వెళ్లినప్పుడు పిల్లలు ముందుగా అడిగిన ప్రశ్న, ‘నిప్పు ఎక్కడ పెట్టేవారు?’ అన్నదే. అది సరైన ప్రశ్న. నీటి ఇంట్లో నిప్పు స్థానం గోడకు అవతలే.

మా ఇంట్లో బాయిలర్ పెట్టే సందర్భం వచ్చినప్పుడు ఈ పద్ధతినే అనుసరించాము. ఆలోచనలో సగం మా ఆవిడదే. స్నానాల గది వెనుక గోడకు ఆనుకొని బయట ఇటుకలతో జానెడు ఎత్తు గద్దె కట్టించి, దాని మీద బాయిలర్ నిలబెట్టాము. నీళ్లు నిండిన బాయిలర్ చాలా బరువు. ఒక లీటరు నీళ్లు ఒక కిలో గనుక 50 లీటర్ల బాయిలర్ నిండితే నీళ్ల బరువే 50 కిలోలు. మట్టి నేల మీద పెడితే ఒక పక్కకు కుంగి ఒరుగుతుంది. పైన రేకుల నీడ వేయించి, వీధి వైపు మాత్రం నిలువెత్తు గోడ పెట్టించాము. మిగిలిన రెండు వైపులా తెరచి ఉంచాము. ఆ గోడ పర్దాకు చాలును. తెరచిన వైపులు గాలికి చాలును.

వేడి నీళ్ల ముక్కుకు ఇనుప గొట్టం కలిపి గోడ గుండా లోపలికి తెచ్చాము. గరాటును కూడా అలాగే గోడ లోపలికి తెచ్చాము. గరాటు నోరు ముక్కు కంటే ఎత్తులో ఉండాలన్నది ఒక్కటే షరతు. ఇప్పుడు స్నానం చేసేవారు తలుపు మూసుకొని లోపలే గరాటులో చన్నీళ్లు పోస్తారు, లోపలే వేన్నీళ్లు పడతాయి. నిప్పు సంగతి బయటివారిది. గొట్టాలు దూర్చిన రంధ్రాల చుట్టూ సందు లేకుండా సిమెంటు పూయించడం మరువకూడదు. లేకుంటే ఆ సందులోంచే వాయువు లోపలికి వస్తుంది. ఖర్చు తగ్గుతుందని కొందరు ప్లాస్టిక్ పైపు వేస్తారు. మరిగే నీటికి మామూలు పీవీసీ పైపు మెత్తబడి వంగిపోతుంది. బాయిలర్‌కు తగిలే భాగంలో ఇనుప పైపే ఉండాలి.

నీళ్లు ముందు, నిప్పు తరువాత

బాయిలర్ వాడకంలో మొదటి నియమం క్రమానికి సంబంధించినది. వుజూలో తర్తీబ్ ఉన్నట్లే దీనికీ తర్తీబ్ ఉన్నది. ముందు నీళ్లు పోయాలి. ముక్కు నుంచి నీళ్లు కారేదాకా పోయాలి. ఆ తరువాతే నిప్పు అంటించాలి. నీళ్లు లేకుండా మంట పెడితే అతుకుల టంకం కరిగిపోతుంది. ఖాళీ బాయిలర్ ఎర్రగా కాలిన సంగతి గమనించి కంగారుపడి దానిలో చన్నీళ్లు కుమ్మరించడం మరీ ప్రమాదం. నీళ్లు ఒక్కసారిగా ఆవిరయి ముఖం మీదికి చిమ్ముతాయి. అటువంటప్పుడు నిప్పులు లాగివేసి, బాయిలర్ దానంతటదే చల్లారేదాకా దూరంగా ఉండాలి.

రెండవ నియమం: బాయిలర్ నోరు ఎన్నడూ మూయరాదు. నీరు ఆవిరిగా మారితే సుమారు 1,600 రెట్ల చోటు కావాలి. ఆ ఆవిరికి దారి ఉన్నంతకాలం బాయిలర్ మనకు సేవకురాలు. దారి మూసుకుపోతే అది బాంబే. గరాటులో ఎలుక పడుతుందని గుడ్డలు కుక్కేవారున్నారు. వేడి పోకుండా ముక్కుకు నల్లా బిగించేవారున్నారు. పైకప్పు మీది ట్యాంకు నుంచి నేరుగా పైపు కలిపి, అటూ ఇటూ వాల్వులు పెట్టి, రెండూ కట్టివేసి నిప్పు రాజేసేవారు కూడా ఉన్నారు. ట్యాంకు నుంచి నీళ్లు కలుపుకోదలచినవారు బాయిలర్ నెత్తి నుంచి ఒక గాలి గొట్టాన్ని ట్యాంకు నీటి మట్టం కంటే ఎత్తుకు తీసుకుపోయి, దాని కొస తెరచి ఉంచాలి. దాని మీద వాల్వు గాని బిరడా గాని ఏనాడూ ఉండరాదు. ఈ పని తెలిసినవారితోనే చేయించాలి. వెల్డింగ్ చేసే ప్రతివానికీ దీని ప్రమాదం తెలిసి ఉండదు గనుక ‘గాలి గొట్టం ఎక్కడ?’ అని మనమే అడగాలి.

మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఏడాది వాడేసరికి డ్రమ్ము లోపల, గరాటు గొట్టంలో తెల్లని గార పేరుకుంటుంది. పోసిన నీళ్లకూ వచ్చే నీళ్లకూ లెక్క తగ్గుతున్నదంటే దారి మూసుకుంటున్నదన్న మాట. చలికాలం మొదలు కాకముందే గార తీయించి, అతుకులు చూపించుకోవాలి. పొగ గొట్టంలోని మసిని కూడా దులపాలి. పట్టిన మసి అంటుకున్నదంటే గొట్టమే కొలిమి అవుతుంది. బాయిలర్ నీళ్లను తాగడానికీ వంటకూ వాడకపోవడం మంచిది.

ఇక వంటచెరకు మాట. ఎండిన కట్టె వేయండి. పచ్చి కట్టె పొగ ఎక్కువ, వేడి తక్కువ. పాల ప్యాకెట్లు, చెప్పులు, టైరు ముక్కలు, రంగు వేసిన పాత తలుపు చెక్కలు పొయ్యిలో వేయకండి. వాటి పొగ విషం. భూపాలపల్లి గనులు మాకు దగ్గర గనుక కొన్ని ఇళ్లకు రాతిబొగ్గు కూడా చేరుతుంది. ఇంటి బాయిలర్ దాని వేడికి తగినట్లు చేసినది కాదు, దాని పొగలో గంధకపు వాయువు కూడా ఉంటుంది. ఆ బొగ్గు ఇంటికి ఏ దారిన వచ్చిందన్న హలాల్ హరామ్ ప్రశ్న వేరే ఉన్నది. సగం ఆరిన నిప్పుల మీద కిరోసిన్ గాని, పెట్రోలు గాని ఎన్నడూ పోయకండి. మంట సీసా దాకా ఎగబాకి వస్తుంది.

మా వైపు మరొక ప్రత్యేకమైన ముప్పు ఉన్నది. పత్తి ఇళ్లలో నిల్వ ఉండే కాలమూ, బాయిలర్లు వెలిగే కాలమూ ఒక్కటే. ధర కోసం ఎదురుచూస్తూ రైతు తన ఏడాది కష్టాన్ని ఇంటి గదిలోనే కుప్ప పోసి ఉంచుతాడు. పెరట్లో పత్తికట్టె మోపులు, గడ్డివాము ఉంటాయి. ఒక్క నిప్పురవ్వ చాలు. బాయిలర్‌కూ వీటికీ మధ్య ఎంత దూరం ఉంచగలిగితే అంత దూరం ఉంచండి. ఆ పూటకు సరిపడే కట్టె మాత్రమే పొయ్యి దగ్గర ఉంచుకోండి. బూడిదను ప్లాస్టిక్ బకెట్‌లోకి ఎత్తకండి, పెంటకుప్ప మీద వేయకండి. పైకి చల్లారినట్లు కనిపించే బూడిద లోపల నిప్పుకణం మరునాటి దాకా బతికి ఉండగలదు. మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, నీళ్లు చిలకరించి, మరునాడు పారబోయండి.

పిల్లల విషయం మరీ ముఖ్యం. బాయిలర్ నుంచి వచ్చే నీళ్లకు హద్దు లేదు. ఒకసారి గోరువెచ్చగా, మరోసారి సలసల మరుగుతూ వస్తాయి. 60 డిగ్రీల నీళ్లు పెద్దవారి చర్మాన్నే కొన్ని క్షణాలలో కాల్చివేస్తాయి. పిల్లల చర్మం ఇంకా పలుచన. కనుక బకెట్‌లో ముందు చన్నీళ్లు పట్టి, ఆ తరువాతే వేన్నీళ్లు కలపండి. మోచేతితో చూసిన తరువాతే పిల్లల మీద పోయండి. మా మదరసాలో ఒక నియమం ఉన్నది. పిల్లలకు నీళ్లు కలిపి ఇచ్చేది పెద్దవారే, పిల్లలెవరూ బాయిలర్ వద్దకు పోరాదు. పొయ్యి ముందు కూర్చునే స్త్రీలు నైలాన్ దుపట్టా తీసి, నూలు దుపట్టా వేసుకొని కొసలు దోపుకోవాలి. ఎవరికైనా కాలితే ఇరవై నిమిషాలపాటు చల్లని నీళ్లు ధారగా పోయండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయకండి. బొబ్బ పెద్దదయితే ఆస్పత్రికి పోవలసిందే.

పొరుగువారి హక్కు

తనకు గాని, ఇతరులకు గాని హాని కలిగించరాదన్నది దైవప్రవక్త (స) బోధించిన మూలసూత్రం. ఇబ్నె మాజా మొదలైన హదీసు గ్రంథాలలో ఉన్న ఈ సూత్రాన్ని ఉస్మానియా రాజ్యంలో 1869 నుంచి 1876 వరకు సంకలనం చేసిన ‘మజల్లా’ అనే న్యాయస్మృతి తన తొలి నియమాలలోనే చేర్చింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మాలికీ న్యాయవేత్తలు హమ్మామ్ పొగ, రొట్టెల బట్టీ పొగ పొరుగువారికి కలిగించే హాని గురించి చర్చించారు. పద్నాలుగవ శతాబ్దంలో ట్యూనిస్ నగరంలో ఇబ్నుర్రామీ అనే తాపీ పనివాడు ఇళ్ల నిర్మాణపు తగవుల మీద ఒక గ్రంథమే రాశాడు. పొరుగువాని పొగ ఆనాటికే తీర్పులు చెప్పవలసిన విషయంగా ఉన్నదంటే ఆలోచించండి!

మన బాయిలర్ పొగ గొట్టం పొరుగింటి కిటికీకి ఎదురుగా ఉంటే, మన వుజూ వారి దగ్గు అవుతుంది. అది హిందువుల ఇల్లయినా, ముస్లిముల ఇల్లయినా హక్కు ఒక్కటే. గొట్టాన్ని కప్పు కంటే రెండు మూడు అడుగులు ఎత్తుకు లేపి, పైన వాన పడకుండా టోపీ పెట్టించండి. మన స్నానాల గది కిటికీకి కూడా అది దూరంగా ఉండాలి. గొట్టం తడికెలకు, ప్లాస్టిక్ పరదాలకు, కరెంటు తీగలకు తగలకుండా చూడండి.

వేన్నీళ్లు, పుణ్యం

చన్నీళ్లతో వుజూ చేస్తేనే పుణ్యం ఎక్కువని, వేన్నీళ్లతో చేస్తే తగ్గుతుందని కొందరు పెద్దలు భావిస్తారు. ఇబ్బందికరమైన వేళల్లో కూడా సంపూర్ణంగా వుజూ చేయడం పాపాలను తుడిచివేస్తుందని ముస్లిం హదీసు గ్రంథంలో ఉన్నమాట నిజమే. ఇబ్బంది ఎదురైనప్పుడు వెనుదీయవద్దని దాని భావం. ఇబ్బందిని వెదుక్కోమని కాదు. హజ్రత్ ఉమర్ (రజి) కాగిన నీటితో వుజూ చేసినట్లు ఇమామ్ బుఖారీ (రహ్మ) పేర్కొన్నారు. కనుక వృద్ధులను, బాలింతలను, రోగులను చన్నీళ్లకు బలవంతపెట్టరాదు.

హిజ్రీ 8వ సంవత్సరంలో జాతుస్సలాసిల్ దండయాత్రకు వెళ్లిన హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)కు ఒక చలి రాత్రి గుసుల్ అవసరమయింది. చన్నీళ్లతో గుసుల్ చేస్తే ప్రాణం పోతుందేమోనని భయపడి ఆయన తయమ్ముమ్ చేసి సహచరులకు నమాజు చేయించారు. ఈ సంగతి దైవప్రవక్త (స) వద్దకు వచ్చినప్పుడు ఆయన, మిమ్మల్ని మీరు చంపుకోకండన్న అల్లాహ్ ఆదేశం తనకు గుర్తుకు వచ్చిందని విన్నవించుకున్నారు. దైవప్రవక్త (స) చిరునవ్వు నవ్వి ఊరకున్నారు. అబూదావూద్‌లో ఈ ఉదంతం ఉన్నది. ప్రాణభయం ఉన్నచోట నీటినే సడలించిన ధర్మం, వేన్నీళ్ల కోసం ప్రాణాన్ని ప్రమాదంలో పెట్టడాన్ని ఎలా అనుమతిస్తుంది? గదిలో బొగ్గులు రాజేసుకొని తలుపు మూసుకోవడం భక్తి అనిపించుకోదు.

నిప్పు వెలిగించవలసినది ఎవరు?

చివరగా మన పురుషులతో ఒక మాట. చాలా ఇళ్లలో వేన్నీళ్లు అందరికీ కావాలి, పొయ్యి ముందు పొగ మాత్రం ఒక్కరిదే. అందరి కంటే ముందు లేచి, కళ్లు నులుముకుంటూ గొట్టం ఊదే ఆ తల్లి, ఆ కోడలు అందరూ నమాజుకు వెళ్లిన తరువాత మిగిలిన చల్లారిన నీళ్లతో వుజూ చేసుకుంటుంది. దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగినప్పుడు హజ్రత్ ఆయిషా (రజి), ఆయన ఇంటివారి పనులలో పాలుపంచుకునేవారని, నమాజు వేళ కాగానే వెళ్లేవారని చెప్పినట్లు బుఖారీలో ఉన్నది. ఈ సున్నత్‌ను ఆచరించడానికి చలికాలం కన్నా మంచి అదను ఏముంటుంది? మా ఇంట్లో బాయిలర్ రాజేయడం నా పని, రాత్రి ఆర్పడం మా అబ్బాయి పని. చీకట్లో గోడ అవతలికి వెళ్లవలసినది మేమే గనుక పర్దా సమస్య కూడా దానంతటదే తీరిపోయింది.

ఆర్పడం గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఉదయం తొందరగా నీళ్లు కాగుతాయని రాత్రి పెద్ద మొద్దు దోపి పడుకునే అలవాటు కొన్ని ఇళ్లలో ఉన్నది. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారితో సహా కాలిపోయినప్పుడు దైవప్రవక్త (స) నిప్పును మనకు శత్రువుగా పేర్కొని, నిద్రకు ముందు దానిని ఆర్పివేయమని ఆదేశించారు. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. ఇషా నమాజు తరువాత తలుపు గడియ వేసే ముందు ఒక్కసారి బాయిలర్ వద్దకు వెళ్లి, నిప్పులు లాగి, నీళ్లు చల్లి రండి. ఆ నాలుగు అడుగులు కూడా సున్నత్ మార్గంలో వేసిన అడుగులే.

ఈ నెలలో ఇంటి పెద్దలు ఒక్క పని చేయాలని కోరుతున్నాను. పత్రిక పక్కన పెట్టి, మీ బాయిలర్ ఎక్కడ ఉన్నదో వెళ్లి చూడండి. అది నాలుగు గోడల మధ్య ఉంటే ఈరోజే బయటకు తీయండి. దాని నోటికి మూత ఉంటే తీసివేయండి. పక్కన పత్తి ఉంటే జరపండి. మీ ఇంటివారు మీ చేతిలో అల్లాహ్ ఉంచిన అమానతు. అల్లాహ్ మన ఇళ్లను అగ్ని ఆపద నుంచి, మన ఆత్మలను పరలోకపు అగ్ని నుంచి కాపాడుగాక! ఆమీన్.